తిన్నగా వేసిన ఆవిరి లైను

మాదాపూర్
12 ఫిబ్రవరి 1998

మామా,

అమ్మా నేనూ బాగున్నాం, నువ్వూ బాగుండాలి. ఈ ముక్క ముందు రాయకపోతే ఉత్తరం పోస్టు చెయ్యనివ్వనని అమ్మ పక్కనే కాపలా కూర్చుంది. రాశాను. ఇక అసలు సంగతి.

నాకు ఉద్యోగం వచ్చింది! మెకానికల్ డిప్లొమా చదివిన ఆడపిల్లను ఎవరు పెట్టుకుంటారని వెటకారం చేసిన చుట్టాలందరికీ అమ్మ వరసపెట్టి కబురు పంపుతోంది. ఫ్యాక్టరీల్లో పైపులు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ ఎత్తున, ఏ ఆధారం మీద పోవాలో బొమ్మ గీసివ్వడం మా పని. ఇన్నేళ్ళుగా నువ్వు చేతులతో చేస్తున్నదే నేను కాగితం మీద చేస్తాను.

ఆఫీసు ఒక సిమెంటు దుకాణం మీద ఉంది. కిటికీలోంచి చూస్తే ఆ కొత్త గుండ్రటి బిల్డింగు కనిపిస్తుంది, ఇంకా కడుతూనే ఉన్నారు. భోజనాలయ్యాక చుట్టుపక్కల బండలు పేలుస్తారు. అద్దాలు గడగడలాడతాయి, పైనుంచి సున్నం రాలి టిఫిను డబ్బాలో పడుతుంది. మణికొండలో మా గది నుంచి రోజూ ఆటోలో ఇరుక్కుని వస్తాను. ఆటోలో ఎవరి నోట విన్నా కంప్యూటర్ కోర్సుల మాటే. నిన్న ఒకామె "నువ్వేం నేర్చుకుంటున్నవ్?" అని అడిగింది. పైపులు అన్నాను. "పైపులా? అంటే నల్లాలు బిగిస్తవా?" అని పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల మండింది.

మా పెద్దసారు రామబ్రహ్మం గారిది గోదావరి జిల్లా. "గీత ఎవరైనా గీస్తారమ్మా, ఆ గీతలోంచి ఏం పోతుందో తెలియాలి" అంటారు. మంచి మనిషే గానీ నవ్వడం తెలియదు. ఏడాది చూసి, పనికొస్తే పర్మనెంటు చేస్తారట.

భయం ఒక్కటే. నాకు ముందు నా కుర్చీలో రాకేష్ అని ఒకతను ఉండేవాడు. మన బొమ్మ సైటులో కుదరకపోతే అక్కడివాళ్ళు ఆఫీసుకు కాగితం పంపిస్తారు కదా, సైట్ క్వెరీ అని. దాని మీద గీసినవాళ్ళ పేరు ఉంటుంది. రాకేష్ పేరు మీద వరసగా అవి వస్తే ఇంటికి పంపేశారట. ఆఫీసులో అందరూ ఈ మాటే గుసగుసలాడుతున్నారు. నా పేరు మీద ఒక్కటి వచ్చినా నేను పోయినట్టే.

చివర్లో చెబుదామని దాచిన మాట. నన్ను వేసింది ఏ పని మీదో తెలుసా? కాకినాడ దగ్గర కట్టే కెమికల్ ఫ్యాక్టరీ. నువ్వున్న సైటే మామా! నేను గీసింది నువ్వు బిగిస్తావు.

నీ
సంధ్య


కాకినాడ సైటు
25 ఫిబ్రవరి 1998

బిడ్డా సంధ్యా,

నీ ఉత్తరం టీ కొట్టు దగ్గర చదివి ఒక్క కేక పెట్టాను. నా మనుషులంతా ఎవరో పోయారనుకుని పరిగెత్తుకొచ్చారు. మా మేనకోడలు ఇంజనీరైందని చెప్పి అందరికీ చాయ్ తాగించాను. డిప్లొమాకు ఇంజనీరు అనరని నువ్వంటావు. నేనంటాను, నా ఇష్టం.

నేను చదివింది ఏడో తరగతి. నీకు పాఠం చెప్పేంత వాణ్ణి కాదు. కానీ పైపు గీసేటప్పుడు ఒక మనిషిని కూడా మనసులో పెట్టుకో. వాడు మోకాలు ఎక్కడ ఆనిస్తాడు, పానా ఎటు తిప్పుతాడు చూడు. రెండు పైపులు కలిపే ఫ్లాంజిని గోడ పక్కనే పెట్టారనుకో, బోల్టు దూరుతుంది, బిగించడానికి చెయ్యి దూరదు. వాల్వు తల మీద పెడితే కారినదంతా తిప్పేవాడి మొహాన పడుతుంది, రొమ్ము ఎత్తున పెట్టు. లైను ఎక్కడ కిందికి దిగితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి, పోయే దారి ఉంచు. ఇవి ఏ పుస్తకంలో ఉంటాయో నాకు తెలియదు, మా వీపుల మీద మాత్రం ఉన్నాయి.

మా కాంట్రాక్టరు గోవిందప్పకు కాగితం అంటేనే పడదు. ఆఫీసుకు రాసి జవాబు కోసం కూర్చుంటే పని ఆగుతుందని గొణుగుతాడు. అందుకని క్వెరీల సంగతి నువ్వు ఫికర్ చెయ్యకు. ఇక్కడ పైపుల ఫోర్‌మన్ లింగమూర్తి. ఈ సైటు నుంచి నీ పేరు మీద ఒక్క కాగితం కూడా కదలదు. ఇది నా మాట.

మీ అమ్మను మోకాళ్ళకు ఆముదం రాసుకోమను. నేను చెప్తే వినదు, తమ్ముణ్ణి కదా.

మామ
లింగమూర్తి


మాదాపూర్
19 మే 1998

మామా,

ఈ ఎండలకు బండలు రాత్రి కూడా చల్లారడం లేదు. అమ్మకు పని దొరికింది, మా వీధిలోనే ఒక గెస్ట్‌హౌస్‌లో వంట. ఎవరో సాఫ్ట్‌వేరు పిల్లలట, పప్పుచారు పోస్తే చాలు, ఇంకేమీ అడగరట.

మూడు నెలలు వేరేవాళ్ళ బొమ్మలు చూసి తిరిగి గీయడమే నా పని. ఒకే పైపును పైనుంచి, పక్కనుంచి, మూలగా చూపించాలి. మొదట్లో కళ్ళు తిరిగేవి. చిన్నప్పుడు నువ్వు ఇనుప తీగ వంచి గోడ మీద నీడ చూపించేవాడివి కదా, అలాగే ఒక తీగ వంచుకుని టేబులు మీద పెట్టుకున్నాను. అప్పటి నుంచి తేలికైంది. ఇప్పుడు ఆధారాలు ఎంత దూరానికి ఒకటి పెట్టాలో, వాలు ఎంత ఇవ్వాలో నేనే చూసుకుంటున్నాను. నువ్వు చెప్పిన ఫ్లాంజి సంగతి రామబ్రహ్మం గారి దగ్గర అంటే, "ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నారు. మా మామ అన్నాను. ఆ రోజు కాస్త నవ్వినట్టే అనిపించింది.

పోయిన వారం నాకు సొంతంగా ఒక లైను ఇచ్చారు. బాయిలరు నుంచి అవతలి షెడ్డుకు పోయే ఆవిరి లైను. పొడుగైనది. మధ్యలో ఒక చోట పైపు పక్కకు వెళ్ళి, ముందుకు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి తన దారిన పోతుంది. లూప్ అంటారు. పాత బొమ్మల్లో ఇలాంటి లైన్లకు అది ఉంది కాబట్టి నేనూ పెట్టాను. ఎందుకని సారును అడిగితే "వేడికి" అన్నారు. వేడికి వంపు ఎందుకో నాకు అర్థం కాలేదు, మళ్ళీ అడగడానికి మొహమాటం. కొలతలు చూసి సంతకం పెట్టారు.

కాగితం మూలన గీసినవారు అన్న గడిలో నా పేరు ఉంది. వచ్చే నెల నీకు అందుతుంది.

నీ
సంధ్య


కాకినాడ సైటు
24 జులై 1998

బిడ్డా,

నీ బొమ్మ వచ్చింది. మూలన నీ పేరు వేలితో తడిమి చూశాను. వెల్డర్లకూ చూపించాను. "మీ కోడలు గీసిందా మేస్త్రీ, అయితే వంకర పోకూడదు" అని మురిపించారు.

ఇక్కడ వానలు. గుంతల్లో దిగి పని చేస్తే మోకాలు దాకా బురద. అయినా నీ లైను అందరికంటే ముందు లేపాను. ఆధారాలు చక్కగా కుదిరాయి, వాలు కూడా సరిగ్గా వచ్చింది. వాల్వు రొమ్ము ఎత్తున ఉంది. చూసి నవ్వుకున్నాను.

పోయిన సోమవారం నీళ్ళ టెస్టు పెట్టాం. ఆవిరి తోసే దానికంటే ఎక్కువ తోపుతో నీళ్ళు ఎక్కించి, వాల్వులు మూసి, మీటరు ముల్లు చూస్తూ కూర్చున్నాం. ముల్లు కదలలేదు. ఒక్క జాయింటు చెమ్మగిల్లలేదు. కంపెనీవాళ్ళు వచ్చి చూసి సంతకం పెట్టి పోయారు. నీ పేరు నిలబడింది బిడ్డా.

సైటన్నాక చిన్నా చితకా సర్దుబాట్లుంటాయి, అవి మేం చూసుకుంటాం. నువ్వు నీ పని చూసుకో. ఆ కుర్చీ నీకు పర్మనెంటు కావాలి, నాకు అంతే కావాలి.

మామ
లింగమూర్తి


మాదాపూర్
30 ఆగస్టు 1998

మామా,

ఇవాళ ఆదివారం, అయినా ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. నాకు ఒక సంగతి అర్థమైంది, ఎవరితోనైనా చెప్పకపోతే నిలవలేను. అమ్మతో చెబితే "బువ్వ తిని చెప్పే" అంది.

సాయంత్రాలు పని అయ్యాక రామబ్రహ్మం గారు నాకూ ఇంకో ఇద్దరికీ కొత్త పాఠం మొదలుపెట్టారు. ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు ఇది రాకపోతే జీవితాంతం గీతలు దిద్దుకుంటూనే ఉంటారట. పైపు వేడెక్కితే పొడుగవుతుంది. ఎండాకాలం కరెంటు తీగలు కిందికి వేలాడతాయి కదా, అలాగే ఇనుము కూడా. దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. రెండు చివర్లూ గట్టిగా కట్టేసి ఉంటే ఆ పొడుగు ఎటు పోతుంది? చివర్లను తోస్తుంది. అక్కడున్న ఫ్లాంజిని విరిచేసే దాకా తోస్తుంది. అందుకే మధ్యలో లూప్. వంపు కాస్త ముడుచుకుని ఆ పొడుగును తనలో సర్దుకుంటుంది. మే నెలలో నేను ఏమీ తెలియకుండా చూచిరాత పెట్టిన వంపు ఇదే!

మన లైనుకు నేనే లెక్క కట్టాను. ఆవిరి వస్తే మొత్తం జానెడుకు కాస్త తక్కువ పెరుగుతుంది. ఇనుప పైపు మామా, జానెడు! లూప్‌కు ఇటు సగం, అటు సగం. అంటే పైపు కింద జారేందుకు పెట్టిన కాళ్ళున్నాయే, షూలు, వాటిలో లూప్ పక్కనున్నవి బెత్తెడు జరుగుతాయి. కళ్ళతో చూడాలనుంది.

నువ్వు చూస్తావు కదా. లూప్ ఏ వైపు తిరిగింది, ప్రహరీ వైపా, రోడ్డు వైపా? బొమ్మలో రోడ్డు వైపు గీశాను. వచ్చే ఉత్తరంలో దాని సంగతి రాయి.

నీ
సంధ్య


కాకినాడ సైటు
14 సెప్టెంబర్ 1998

బిడ్డా,

లూప్ ఏ వైపు తిరిగిందని అడిగావు. ఏ వైపూ తిరగలేదు. చెప్పకూడదనుకున్నాను, కానీ నువ్వు అంత ఆశగా అడిగాక అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు.

నువ్వు వంపు గీసిన చోట ఇప్పుడు కాంక్రీటు స్తంభం ఉంది. కరెంటు గది కోసం తర్వాత కట్టారు. ఆ కొత్త బొమ్మ నీ దాకా వచ్చినట్టు లేదు. పైపు పోయి స్తంభానికి గుద్దుకుంటుంది. పద్ధతి ప్రకారం అయితే నేను క్వెరీ రాయాలి, దాని మీద నీ పేరు రాయాలి. రాస్తానా? నీకు మాట ఇచ్చాను. అందుకని వంపునూ దాని మూలల బెండ్లనూ తీసేసి తిన్నగా తీసుకుపోయాను. గోవిందప్ప చూసి "నాలుగు బెండ్లు మిగిలినై, మంచిదే" అని వెళ్ళిపోయాడు. కంపెనీవాళ్ళు ముల్లు చూశారు గానీ లైను వెంట నడవలేదు.

నువ్వు రాసిన జానెడు సంగతి చదివాను. నేను ఇంతకాలం ఎక్కువ నీళ్ళ లైన్లూ నూనె లైన్లూ వేశాను. ఆవిరివి వేసినా చిన్నవి. అయినా మన లైను నీళ్ళ టెస్టుకు నిలబడింది. ఆవిరి కంటే గట్టిగా తోశాం బిడ్డా, చెమట కూడా పట్టలేదు. నిలబడినది నిలబడుతుంది.

దసరాకు పనిముట్లకు ఆయుధపూజ చేసి, మర్నాడు ఆవిరి వదులుతారు. మొదటి ఆవిరికి బాయిలరు దగ్గర వాల్వు తిప్పేది ఫోర్‌మనే, మా పనిలో అది మర్యాద. నేనే తిప్పుతాను. నీ లైను కదా.

ఈ సంగతి మీ ఆఫీసులో ఎవరికీ తెలియనివ్వకు. ఉత్తరం చదివి చింపెయ్యి.

మామ


మాదాపూర్
19 సెప్టెంబర్ 1998

మామా,

నీ ఉత్తరం ఇవాళ ఆఫీసుకు వచ్చింది. భోజనం డబ్బా తెరిచి చదవడం మొదలుపెట్టాను. తినలేదు.

వంపు లేకుండా మళ్ళీ లెక్క కట్టాను. తప్పు వచ్చుంటుందని ఇంకోసారి కట్టాను. తర్వాత రామబ్రహ్మం గారి టేబులు దగ్గరకు వెళ్ళి చెప్పేశాను.

నీళ్ళ టెస్టు చల్లటి నీళ్ళతో చేస్తారు మామా. అది జాయింటు కారుతుందా లేదా అన్నదే చెబుతుంది. వేడి సంగతి దానికి తెలియదు. తిన్నగా ఉన్న లైనులో ఆవిరి వస్తే ఆ పొడుగంతా పోయి బాయిలరు దగ్గరి ఫ్లాంజిని తోస్తుంది. నువ్వు వాల్వు పట్టుకుని నిలబడేది దాని ముందే.

రామబ్రహ్మం గారు అరవలేదు. కాగితం చూశారు. "సైటులో ఇలా వేశారని నీకెలా తెలుసమ్మా?" అన్నారు. మా మామ ఫోర్‌మన్ అండీ అన్నాను. "ఆయన పేరు చెప్పకుండా ఈ పని ఆపలేను, నీకు తెలుసుగా" అన్నారు. తెలుసండీ అన్నాను. స్తంభం ఉందని చూసుకోకుండా గీసింది నేనేనని కూడా చెప్పాను. నా ముందే కాకినాడకు ఫోన్ కలిపారు. ఆవిరి ఆపమన్నారు. లింగమూర్తి అన్న పేరు ఆయన నోట విన్నాను.

ఈ ఉత్తరం నీకు అందేసరికి అంతా నీకు తెలిసిపోయి ఉంటుంది. అయినా నా చేత్తో రాయాలని రాస్తున్నాను. నిన్ను అడగకుండా చేశాను. నాకు దుఃఖంగా ఉంది మామా. భయంగా కూడా ఉంది. నువ్వు తిట్టు, కానీ జవాబు రాయి.

సంధ్య


మాదాపూర్
2 నవంబర్ 1998

మామా,

నీ జవాబు లేకుండా ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. సైటుకు పంపినవి ఏవీ తిరిగి రాలేదు, కాబట్టి ఎవరో తీసుకుంటున్నారు. నీకు చేరవేస్తున్నారనే అనుకుంటున్నాను.

నిన్ను పనిలోంచి తీసేశారని రామబ్రహ్మం గారే చెప్పారు. గోవిందప్ప తనకు ఏమీ తెలియదనీ, ఫోర్‌మన్ సొంత తెలివితో చేశాడనీ రాసిచ్చాడట. బెండ్లు మిగిలాయని అన్నది అతనే కదా సార్ అన్నాను. "కాగితం మీద లేదమ్మా" అన్నారు. ఆ ఉత్తరం నా దగ్గరుంది, చూపిస్తానన్నాను. "చూపిస్తే మీ మావయ్య తెలిసే దాచాడని కూడా తేలుతుంది" అన్నారు. చూపించలేదు.

నన్ను పర్మనెంటు చేశారు. ఏడాది కూడా నిండకుండానే. ఆర్డరు చేతికి ఇస్తూ "ఇలా వచ్చి చెప్పేవాళ్ళే కావాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెళ్ళి బాత్‌రూములో కూర్చున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. నా పేరు మీద క్వెరీ రాశారు. నా కుర్చీ పోతుందనుకుని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. ఉండబట్టలేక రాకేష్ సంగతి అడిగాను. రామబ్రహ్మం గారు ఆశ్చర్యపోయారు. "రాకేషా? అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తానని తనే మానేశాడు. క్వెరీ రాని డ్రాయింగు నా సర్వీసులో నేను చూడలేదమ్మా. క్వెరీలు వస్తేనే మాకు సైటు తెలిసేది" అన్నారు. వచ్చిన కొత్తలో ఆఫీసులో విన్న గుసగుసను నేను నీకు రాశాను. నువ్వు దాన్ని పట్టుకుని మాట ఇచ్చావు. ఆ మాట కోసం వంపు తీసేశావు. నాకు ఏడుపు కూడా రాలేదు మామా.

అమ్మ నాతో మాట్లాడుతుంది గానీ నా వైపు చూడదు. మొదటి రోజు మాత్రం అడిగింది. "వాడు మనకు బువ్వ పెట్టినోడు. ఏందే గిట్ల జేసినవ్? నోరు మూసుకుంటే నీదేం పోయేది?" అని. మామ ప్రాణం పోయేదమ్మా అన్నాను. "పోతుందని నీకెవరు జెప్పిండ్రు? ఆ కాగితమా?" అంది. ఆ తర్వాత అడగలేదు.

ఎక్కడున్నావో ఒక్క ముక్క రాయి.

సంధ్య


బాచుపల్లి
29 నవంబర్ 1998

సంధ్యకు,

సైటు నుంచి మా వెల్డర్లు పంపితే నీ ఉత్తరాలన్నీ అందాయి. జవాబు రాయడానికి మనసు రాలేదు.

నేను హైదరాబాద్‌లోనే ఉన్నాను. బాచుపల్లిలో ఒక కాలేజీ హాస్టలు కడుతున్నారు, దానిలో స్నానాల గదులకు పైపులు వేస్తున్నాను. వచ్చి నెల దాటింది. పెద్ద కాంట్రాక్టర్ల దగ్గరకు తిరిగాను. పేరు చెప్పగానే "కాకినాడ లింగమూర్తివేనా?" అంటున్నారు. ఆవిరి లైను దొంగతనంగా మార్చినవాడని అందరికీ తెలిసిపోయింది. బెండ్లు అమ్ముకున్నానని కూడా అంటున్నారు. ఇన్నేళ్ళలో నేను ఒక్క నట్టు జేబులో వేసుకోలేదు. అది మీ అమ్మకు తెలుసు, నీకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి?

అక్కడ ఏం జరిగిందో చెప్తాను. ఫోన్ వచ్చిన రోజు గోవిందప్ప నా వెల్డర్ల ముందే నన్ను దొంగా అన్నాడు. అయినా వెంటనే తీసెయ్యలేదు, దసరాకు మనుషులంతా ఊళ్ళకు పోయారు, పని చేసేవాడు లేడు. నా చేతనే ఆ లైను కోయించాడు. మీ ఆఫీసు కొత్త బొమ్మ పంపింది, స్తంభానికి ఇవతల లూప్. నేనే వేశాను. వెయ్యడంలో వంక పెట్టేందుకు లేకుండా వేశాను.

ఆవిరి వదిలే రోజు వాల్వు ఇంకెవడి చేతనో తిప్పించారు. నన్ను తాడు అవతల నిలబడమన్నారు. అంతకు ముందు పొద్దున్నే ఎవరూ లేనప్పుడు వెళ్ళి, లూప్ పక్కన పైపు కింద షూ ఎక్కడ కూర్చుందో దూలం మీద సుద్దముక్కతో గీత పెట్టాను. నీ లెక్క అబద్ధం కావాలని దేవుడికి మొక్కాను. మొక్కానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. అబద్ధమైతే నేను తలెత్తుకుని వెళ్ళిపోదును.

ఆవిరి లైనులోకి ఎక్కింది. లైను మూలిగింది. గంట తర్వాత వెళ్ళి చూశాను. గీత ఒక చోట, షూ ఒక చోట. మధ్యలో నా చెయ్యి అడ్డం పెట్టి చూశాను. బెత్తెడు.

నీ లెక్క నిజం. వంపు లేకపోతే ఆ ఫ్లాంజి విచ్చుకునేది, ముందు నేనుండేవాణ్ణి. ఆ ఆవిరి కంటికి కూడా కనపడదు, తగిలినవాడు అరిచే లోపే అయిపోతుంది. నువ్వు నా ప్రాణం నిలబెట్టావు. తెలిసి కూడా నీ మీద నా కోపం పోవడం లేదు. రోజూ పొద్దున లేస్తే అదే గుర్తుకొస్తుంది. ఏం చెయ్యను?

నాకు ఒక్కటే అర్థం కాదు. మీ సారుకు చెప్పేముందు నాకు ఒక్క ఫోన్ చెయ్యవా? సైటు నంబరు నీ దగ్గరుంది. మామా అది తప్పు, కోసెయ్యి అని నువ్వంటే నేను కోసెయ్యనా? వానకు జాయింటు చెడిందని గోవిందప్పకు ఏదో కథ చెప్పి, ఎవరికీ తెలియకుండా లూప్ పెట్టేవాణ్ణి. నీ కుర్చీ ఉండేది, నా పేరూ ఉండేది. చెప్తే వినని మూర్ఖుణ్ణని అనుకున్నావా? నీకు తీగ వంచి చూపించినవాణ్ణి, నా దగ్గరే నీకు భయమా?

దీనికి జవాబు రాయి. వేరే ఏమీ రాయకు. ఇక్కడికి రావద్దు, మీ అమ్మను కూడా పంపవద్దు. బాత్‌రూము గోడలకు పైపులు వేస్తూ నీకు కనపడటం నాకు ఇష్టం లేదు.

లింగమూర్తి


మణికొండ
6 డిసెంబర్ 1998

మామా,

నువ్వు అడిగినదానికే జవాబు రాస్తున్నాను.

ఫోన్ చెయ్యలేదని రాశావు. చేశాను. మా ఆఫీసు పక్కనే ఎస్టీడీ బూత్ ఉంది. ఆ రోజు ముందు అక్కడికే వెళ్ళాను. లెక్క కాగితం చేతిలో పెట్టుకుని నంబరు నొక్కాను. అవతల మోగింది. ఎవరో ఎత్తి "ఎవరు కావాలి?" అన్నారు. లింగమూర్తి అని చెప్పే ముందు పెట్టేశాను.

నువ్వు మూర్ఖుడివని కాదు. వినవని కాదు. నీ దగ్గర నాకు ఎప్పుడూ భయం లేదు.

నువ్వు ఫోన్ దగ్గరకు వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను గాభరాగా చెబుతాను. నువ్వు పూర్తిగా వింటావు. విని నవ్వుతావు. "ఏం కాదు బిడ్డా" అంటావు. నీళ్ళ టెస్టు సంగతి మళ్ళీ చెబుతావు. ఆ రోజు నువ్వు అలా అనకపోవచ్చు, కోసేస్తాననే అనవచ్చు. నాకు తెలియదు. కానీ అంటే?

నాన్న పోయిన రోజు గడపలో నన్ను ఒళ్ళో పెట్టుకుని నువ్వు అన్నది ఆ మాటే. పరీక్ష తప్పితే అన్నావు, జ్వరమొస్తే అన్నావు, ఆడపిల్లకు మెకానికల్ ఏమిటని అందరూ అడ్డుపడితే అన్నావు. నువ్వు ఏం కాదన్నాక నాకు ఎప్పుడూ ఏమీ కాలేదు. లోకంలో ఇంకెవరు ఆ మాట అన్నా నేను వాదిస్తాను, లెక్క చూపిస్తాను. నువ్వంటే చూపించలేను. కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, పైకి వెళ్ళి నా కుర్చీలో కూర్చునేదాన్ని. దసరా మర్నాటి దాకా నిమ్మళంగా ఉండేదాన్ని.

నిన్ను నమ్మక కాదు మామా. నువ్వు చెబితే నమ్మేస్తానని అడగలేదు.

సంధ్య